బాడి, బడి

ఫోను ఇంట్లో మరిచిపోయిన రోజే
పార్సిలు కుర్రాడు వచ్చాడు.
నేను గుణుపురం బజారులో, పెళ్ళివారి జాకెట్ల కుప్ప కింద.
అత్త పక్కింట్లో,
పొట్నూరు దమయంతితో చింతగింజలు తీస్తూ,
ఒళ్ళో నా ఫోను.

"మావుసీ, ఘరే కేహి నాహాంతి,
బాడిపటె రఖిదేలి" అన్నాడట.
రేకుల మీద వాన.
అత్తకి వినపడింది ఒక్క ముక్క.
"బడికాడ ఎట్టీసాడటే, ఎల్లి తెచ్చుకో."

మూడువందల నలభై రూపాయల కాజా పాదం అది.
చిటికెన వేలంత ఇనుము.
బరంపురం వచ్చి,
ఎందుకో విశాఖపట్నం వెళ్ళి,
రాయగడలో మూడు రాత్రులు నిద్ర చేసి వచ్చింది.
పదేళ్ళుగా మిషను తొక్కుతున్న నా పాదాలు
అన్ని ఊళ్ళు చూడలేదు.

బడికి వెళ్ళాను.
బంట్రోతు బిసోయి పాపం మంచివాడు.
మధ్యాహ్న భోజనం బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాడు,
పటాల బీరువా తీశాడు,
హెడ్మాస్టరు కుర్చీ కింద వంగాడు.
మర్నాడు పిల్లలు కూడా వెతికారు.
వాళ్ళకి ఒక పెన్సిలు పెట్టె దొరికింది,
ఎప్పుడో పోయిన గంట కొట్టే కర్ర దొరికింది.

కంపెనీకి ఫోను చేశాను.
హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు.
నాకు నంబరు లేదు.
ఒకటి నొక్కితే ఒకమ్మాయి తియ్యగా చెప్పింది,
మీ పార్సిలు భద్రమైన చోట ఉంది.
ఏ చోట?
భద్రమైన చోట.
కావాలంటే ఫోటో చూసుకోండి.

చూశాను.
ఫోటో నిండా చీకటి.
ఓ మూల ఇటుక అంచు.
వేళ్ళతో పెద్దది చేస్తే
పెద్ద చీకటి.

భద్రమైన చోటంటే నాకు తెలియదా.
మా మామ నోట్లు తవుడు డబ్బాలో దాచేవాడు, ఎలకలు చదివేశాయి.
వంశధార ఇంట్లోకొచ్చిన ఏడు
అన్నీ అటక మీదకెక్కించాం,
ఆ రాత్రి గాలికి అటకే ఎగిరిపోయింది.
రేషను కార్డు మాత్రం
అత్త తలదిండు గలీబులో ఇప్పటికీ ఉంది,
దాని మీది పేర్లలో ఇద్దరు లేరు.

నాలుగో రోజు వాన తెరిపిచ్చింది.
అత్త పెరట్లో నీళ్ళపొయ్యి ముట్టించింది.
కమ్మలు అంటుకున్నాయి,
తర్వాత ఏదో వాసన,
ప్లాస్టిక్కుది.
"ఇదేటే, పొయ్యిలో పెంకెవులెట్టారు?"

అప్పుడు వెలిగింది నాకు.
బాడి.
వాళ్ళ మాటలో పెరడు.
ఇరవయ్యేళ్ళుగా కూరలబండి దగ్గర ఒడియా మాట్లాడుతున్నాను,
అత్త నోట్లోంచి తెలుగై వస్తే
పోల్చుకోలేకపోయాను.

నీళ్ళు చల్లి బూడిద కెలికితే
దొరికింది.
అట్టపెట్టె లేదు, బిల్లు లేదు,
వాపసు ఇవ్వడానికి గడువు లేదు.
పాదం మాత్రం కాలి
వంకాయ రంగు తిరిగింది.
చింతపండుతో తోమి మిషనుకి తగిలిస్తే
మొదటి కాజా వంకర,
రెండోది సరిగ్గా.

వారం తర్వాత ఎవరిదో చీర పట్టుకుని వచ్చాడు వాడు.
తిమోతి రైకా. కొండ మీది సవర కుర్రాడు.
బండి మీద వాడికన్నా ఎత్తు సంచి.
"వానొచ్చీసింది దీదీ.
మీ ఇంట్లో పొడిగా ఉన్నది అదొక్కటే.
కుక్క లాగకుండా పెంకు కూడా అడ్డెట్టాను."
తిట్టాను. కొంచెం. తెలుగులో.
వాడు తలూపుతూ
ఫోను ముందుకి చాపాడు,
చుక్కలు ఎన్నిస్తారని.

చిరునామా కింద ఖాళీ గడి ఒకటుంటుంది,
ఇంట్లో లేకపోతే ఎక్కడ పెట్టాలని.
ఇప్పుడు అందులో రాశాను:
బడిలో, బిసోయికి.
చూసి దమయంతి రాసింది,
మందుల కొట్టు బెహరా రాశాడు.
పటాల బీరువాలో కింది అర
మా వీధిది.

వేసవి సెలవులకి ఏం చెయ్యాలో
ఇంకా అనుకోలేదు.